బెంగళూరులో ఉంటూ స్పోర్ట్ టూరింగ్ బైకును ఎంచుకోవడం ఎలా?

షోరూమ్ చుట్టూ పదిహేను నిమిషాలు తిప్పి చూసి స్పోర్ట్ టూరింగ్ బైకును కొంటే, అది ఆ పదిహేను నిమిషాలకు మాత్రమే సరిపోయే బండి కావచ్చు. నా మొదటి బండిని నేను అలాగే కొన్నాను. ఆ సంక్రాంతికి బెంగళూరు నుంచి అనంతపురం బయలుదేరితే, బాగేపల్లి దాటేసరికి అరచేతుల్లో తిమ్మిరి మొదలైంది. పెనుకొండ దగ్గర టీ తాగుదామని ఆపినప్పుడు ఎడమ చేతి చివరి రెండు వేళ్లకు స్పర్శ లేదు; హెల్మెట్ పట్టీ ఊడదీయడానికి టీ కొట్టు కుర్రవాడి సాయం తీసుకోవలసి వచ్చింది. అప్పటికి నడిపింది 140 కిలోమీటర్లే. బండిలో లోపమేమీ లేదు. కిందికి వంగిన హ్యాండిల్ ఉన్న రేసు తరహా బండిని దూర ప్రయాణానికి ఎంచుకోవడమే పొరపాటు. అందుకే ఈ పద్ధతి అంతా ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: నాలుగో గంటలో, వెనక మనిషీ సామానూ ఉండగా, ఈ బండి మీద మీ ఒళ్లు ఎలా ఉంటుంది?

ముందుగా మీకు నిజంగా కావలసింది స్పోర్ట్ టూరింగ్ బైకేనా అన్నది తేల్చుకోవాలి. గాలిని తప్పించే ఫెయిరింగ్, కొద్దిగా మాత్రమే ముందుకు వంగే కూర్చునే తీరు, ముందూ వెనకా 17 అంగుళాల చక్రాలు, తారు రోడ్డు కోసం చేసిన టైర్లు, సామాను పెట్టెలు తగిలించుకునే వీలు, వెనక కూర్చున్నవారికి సరైన సీటు: ఈ లక్షణాలు కలిసిన బండిని స్పోర్ట్ టూరర్ అంటారు. 1976లో బీఎండబ్ల్యూ తెచ్చిన ఆర్ 100 ఆర్ఎస్‌ను ఈ తరహాకు ఆద్యురాలిగా చాలామంది చెబుతారు. దాని ఫెయిరింగ్‌ను గాలి సొరంగంలో పరీక్షించి మరీ రూపొందించారు. మన దేశంలో 2003లో వచ్చిన హీరో హోండా కరిజ్మా, 223 సీసీ ఇంజన్‌తోనే అయినా, ఆ రుచిని చాలామందికి మొదట చూపించింది. మీ దారుల్లో మట్టి రోడ్లూ వాగులూ ఎక్కువైతే మాత్రం ముందు చక్రం 19 లేదా 21 అంగుళాలున్న అడ్వెంచర్ బైకులను చూడండి. ఇక్కడ పేరును బట్టి మోసపోకూడదు. కవాసాకి వెర్సిస్ 650, ట్రయంఫ్ టైగర్ స్పోర్ట్ 660 చూడటానికి పొడుగ్గా, అడవిలోకి దూసుకుపోయేలా కనిపించినా, రెండింటికీ ఉన్నవి 17 అంగుళాల చక్రాలే; నడతలో అవి తారు రోడ్డు బండ్లు.

మొదటి పనిగా ఒక కాగితం తీసుకుని, గత ఏడాదిలో మీరు చేసిన, వచ్చే ఏడాదిలో తప్పకుండా చేయబోయే ప్రయాణాలు రాయండి. లద్దాఖ్ కలను ఆ కాగితం మీద రాయవద్దు. బెంగళూరులో ఉండే తెలుగువారి జాబితా సాధారణంగా ఇలా ఉంటుంది: ములబాగిలు, పలమనేరు, మొగిలి ఘాట్, చిత్తూరు మీదుగా తిరుపతికి సుమారు 250 కిలోమీటర్లు, 44వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలుకు 360, హైదరాబాదుకు 570, వారాంతంలో మదనపల్లె మీదుగా హార్సిలీ హిల్స్‌కు 150, ఎప్పుడైనా ఒకసారి ఊటీ. ప్రతి ప్రయాణం పక్కనా ఒంటరిగానా, ఇద్దరా, సామాను ఎంత అన్నది రాయండి. తర్వాత ఏడాదిలో ఎన్ని రోజులు ఆఫీసుకు ఇదే బండి మీద వెళతారో రాయండి. ఆ ఆఫీసు రోజుల అంకె ప్రయాణాల రోజుల కంటే చాలా పెద్దదిగా వస్తే ఉలిక్కిపడనక్కర్లేదు, నాకూ అలాగే వచ్చింది.

ఆ కాగితం చూస్తే ఎంత శక్తి కావాలన్నది కూడా తేలుతుంది. కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ పరిమితుల ప్రకారం నాలుగు వరుసల రహదారి మీద ద్విచక్ర వాహనానికి వేగం గంటకు 80 కిలోమీటర్లు. బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన మార్గం మీదికి 2023 ఆగస్టు 1 నుంచి బైకులను అనుమతించడం లేదు. ఎంత పెద్ద బండి అయినా పక్కనున్న సర్వీసు రోడ్డులో వెళ్లవలసిందే. ఊటీకి వెళ్లే బందీపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది కాబట్టి, వేగంగా పోయి రాత్రికి రాత్రే చేరుకుందామన్న లెక్క కూడా కుదరదు. గరిష్ఠ వేగం 200 దాటుతుందా అన్నది మన దారుల్లో అక్కరకు రాని ప్రశ్న. 80 దగ్గర ఇంజన్ నిమ్మళంగా తిరుగుతోందా, లారీని దాటడానికి గేరు తగ్గించకుండానే బండి ముందుకు కదులుతోందా అన్నవి రోజూ ఎదురయ్యే ప్రశ్నలు. అందుకని కాగితాల మీద హార్స్‌పవర్‌ను కాకుండా, ఎక్కువ టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) ఎంత తక్కువ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర వస్తుందో చూడండి.

రెండో పని డబ్బు లెక్క. షోరూమ్ ధర విని బడ్జెట్ వేసుకుంటే కర్ణాటకలో దెబ్బ తింటారు. ఇక్కడ లక్ష రూపాయలు దాటిన బైకుకు జీవితకాల పన్ను 18 శాతం, దాని మీద సెస్ అదనం. ఏడు లక్షల బండికి పన్నే 1,26,000 రూపాయలు అవుతుంది. దీనికి ముందే జీఎస్టీలో పెద్ద గీత ఒకటి ఉంది: 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బైకులకు 18 శాతం, అంతకు మించిన వాటికి 40 శాతం. బీమాలోనూ గీత అక్కడే పడుతుంది. 2022లో ప్రకటించిన రేట్ల ప్రకారం కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం 150 నుంచి 350 సీసీ వరకు 7,365 రూపాయలైతే, 350 దాటితే 15,117 రూపాయలు. కొటేషన్‌ను మొత్తం అంకెగా కాకుండా, పన్ను, బీమా, ఉపకరణాలు విడివిడిగా రాయించుకుని తీసుకోండి. హెల్మెట్, జాకెట్, చేతి తొడుగులు, బూట్లు, పెట్టెల కోసం కనీసం లక్ష రూపాయలు పక్కన పెట్టుకోవాలని నా అభిప్రాయం; వాటికి మిగలకపోతే బండినే ఒక మెట్టు తగ్గించుకోవడం మేలు.

ఆంధ్రలోనో తెలంగాణలోనో కొనేసి ఇక్కడికి తెచ్చుకుందామన్న ఆలోచన మన వాళ్లలో దాదాపు అందరికీ వస్తుంది. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, ఇక్కడి పన్ను కట్టాలి, అక్కడ కట్టినదాన్ని వాపసు అడుక్కుంటూ తిరగాలి. నాలుగైదేళ్లు బెంగళూరులోనే ఉంటామని తెలిస్తే ఇక్కడే కొనడం తెలివైన పని.

ఇక బండ్ల వర్గాలు. 250 సీసీ దగ్గర సుజుకి జిక్సర్ ఎస్ఎఫ్ 250 ఉంది. 161 కిలోల బరువు, 12 లీటర్ల ట్యాంకు, రేసు బండిలా కనిపించినా నిటారుకు దగ్గరగా కూర్చోబెట్టే హ్యాండిల్. ఒంటరిగా తిరిగేవారికి, ముఖ్యంగా రోజూ ఆఫీసుకు కూడా అదే బండి అయితే, దీన్ని చిన్నచూపు చూడవద్దు. బజాజ్ డామినార్ 400 ఇద్దరితో, సామానుతో హాయిగా పోతుంది, చిన్న ఊళ్లలోనూ సర్వీసు దొరుకుతుంది. 650 సీసీ దగ్గర కవాసాకి నింజా 650, వెర్సిస్ 650, టైగర్ స్పోర్ట్ 660 ఉన్నాయి. నా లెక్కలో మన దారులకు ఇదే సరైన పరిమాణం. పైన కవాసాకి నింజా 1100 ఎస్ఎక్స్ అసలు సిసలు స్పోర్ట్ టూరర్, నాలుగు సిలిండర్ల మెత్తదనం దాని సొత్తు. అయితే 238 కిలోల బరువును మీ అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో వెనక్కి తోసుకోగలరా అన్నది ముందు తేల్చుకోండి. 266 కిలోల సుజుకి హయబూసాను టూరింగ్‌కు వాడేవారు ఉన్నారు. వారి మణికట్లకు నా నమస్కారం.

మూడు బండ్లకు జాబితా కుదించుకున్నాక అసలు పరీక్ష మొదలవుతుంది. దీనికి సిగ్గు, మొహమాటం రెండూ వదులుకోవాలి. మీరు దూర ప్రయాణంలో వేసుకునే జాకెట్, బూట్లతోనే షోరూమ్‌కు వెళ్లండి. బండిని స్టాండు మీద నిలబెట్టమని చెప్పి, దాని మీద ఇరవై నిమిషాలు కూర్చోండి. సేల్స్ కుర్రవాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. కళ్లు మూసుకుని మీకు సహజంగా అనిపించినట్టు చేతులు ముందుకు చాచి, ఆ తర్వాత కళ్లు తెరచి హ్యాండిల్ అక్కడే ఉందో లేదో చూసుకోండి. చేతులు హ్యాండిల్ మీద ఉండగా రెండు అరచేతులనూ ఒక అంగుళం పైకి లేపండి. పొట్ట కండరాలు, తొడల పట్టుతో శరీరం అలాగే నిలబడితే బరువు సరైన చోట ఉన్నట్టు. ముందుకు తూలిపోతే, ఆ తూలిన బరువంతా గంటల తరబడి మీ మణికట్లు మోయబోతున్నాయని అర్థం. పెనుకొండలో నాకు జరిగింది ఇదే. మోకాలి వంపు కూడా గమనించాలి. పాదాలు ఆనించే ఫుట్‌పెగ్‌లు పైకీ వెనక్కీ ఉంటే పదిహేనో నిమిషం నుంచే మోకాలి లోపల సన్నటి లాగుడు తెలుస్తుంది. సీటు మెత్తగా ఉంటే మంచిదన్న భ్రమ వద్దు. మరీ మెత్తటి ఫోమ్ గంట గడిచేసరికి నలిగి అడుగున ఉన్న పలక తగులుతుంది. కాస్త గట్టిగా, వెడల్పుగా ఉన్న సీటే చివరిదాకా ఆదుకుంటుంది.

సీటు ఎత్తు విషయంలో రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలన్న పట్టుదల అక్కర్లేదు. రెండు కాళ్ల మునివేళ్ల దగ్గరి భాగం గట్టిగా ఆనితే చాలు. నింజా 650 సీటు 790 మిల్లీమీటర్లు, టైగర్ స్పోర్ట్ 660 సీటు 835, వెర్సిస్ 650 సీటు 845. అంకెల్లో తేడా చిన్నదిగా కనిపించినా, వర్షంలో వాలుగా ఉన్న రోడ్డు పక్కన వెనక మనిషితో బండి ఆపినప్పుడు ఆ అయిదు సెంటీమీటర్లే కీలకం. సీటు వెడల్పును బట్టి కూడా కాలు అందడం మారుతుంది కాబట్టి కాగితం మీద అంకె చూసి ఏ బండినీ కొట్టేయకండి. వెనక కూర్చునేవారిని కూడా తీసుకెళ్లి, కూర్చోబెట్టి, దిగమని, మళ్లీ ఎక్కమని అడగండి. మా ఆవిడ ఒక బండిని ఎక్కి దిగిన రెండో సారికే వద్దని తేల్చేసింది, ఆమె మాట విననందుకు తర్వాత చాలాసార్లు చింతించాను.

టెస్ట్ రైడ్‌కు ఆదివారం ఉదయం ఏడు గంటలకు కాకుండా పనిరోజు సాయంత్రం ఆరు గంటలకు వెళ్లండి. అవుటర్ రింగ్ రోడ్డులోనో సిల్క్ బోర్డ్ వైపో ఇరవై నిమిషాలు పాకితే రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలవుతుంది. ఆ వేడిగాలి మీ కుడి పిక్కకు తగులుతుందా, ట్యాంకు కింద తొడకు తగులుతుందా, లేక బయటికి పోతుందా అన్నది అప్పుడే తెలుస్తుంది. క్లచ్ లివర్ బరువు కూడా ఆ ట్రాఫిక్‌లోనే తెలుస్తుంది. కాలనీల్లోని నిట్టనిలువు హంపుల మీద వెనక మనిషితో నెమ్మదిగా ఎక్కించి, అడుగున గీసుకుంటుందేమో వినండి. ఒక షోరూమ్‌లో నాకు రెండు కిలోమీటర్ల టెస్ట్ రైడ్ మాత్రమే ఇచ్చి, అంతకు మించి కుదరదన్నారు. అలాంటప్పుడు అదే బండిని ఒక రోజుకు అద్దెకు తీసుకోవడమో, ఆ బండి ఉన్న స్నేహితుణ్ని బతిమాలడమో మంచిది. లక్షలు పెట్టే ముందు కొన్ని వేలు ఖర్చయినా నష్టం లేదు.

ఖాళీ హైవే మీద చూడవలసింది గాలి. ఫెయిరింగ్ ఉన్నంత మాత్రాన గాలి తగలదని కాదు. విండ్‌స్క్రీన్ అంచు నుంచి లేచే గాలి సరిగ్గా మీ హెల్మెట్ మీద సుడి తిరిగితే, అసలు స్క్రీన్ లేని బండి కంటే ఎక్కువగా తల ఊగుతుంది. 80 దగ్గర స్థిరంగా పోతూ తలను రెండంగుళాలు కిందికి వంచండి. హోరు ఒక్కసారిగా తగ్గితే స్క్రీన్ మీకు పొట్టి. కాస్త పైకి లేచినప్పుడు గాలి శుభ్రంగా ఛాతీని తాకి, తల ఊగడం ఆగితే, సుడి మీ తల దగ్గర పుడుతోందన్న మాట. ఎత్తు సర్దుకునే స్క్రీన్ ఉన్న బండికి ఇందుకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. అడ్డంగా వీచే గాలి ఇంకో సంగతి. ఆషాఢంలో పెనుకొండ దాటి అనంతపురం వైపు పోయినవారికి ఆ గాలి పరిచయమే, రామగిరి చుట్టుపక్కల గాలిమరలు ఊరికే పెట్టలేదు. పక్కల నిండా పెద్ద ఫెయిరింగ్, వెనక రెండు వెడల్పాటి పెట్టెలు ఉన్న తేలిక బండిని ఆ గాలి లేన్ నుంచి లేన్‌కు తోస్తుంది.

పెట్రోల్ లెక్క చిన్నదే అయినా చేసుకోండి. ట్యాంకు పరిమాణాన్ని హైవే మైలేజీతో గుణించి, అందులోంచి 50 కిలోమీటర్లు తీసేయాలి. 15 లీటర్ల నింజా 650కి లీటరుకు 22 వస్తుందనుకుంటే 330 నుంచి 50 పోగా 280. అదే మైలేజీ వస్తే 21 లీటర్ల వెర్సిస్‌కు 412. మొదటిది తిరుపతికి, రెండోది ఆగకుండా కర్నూలుకు సరిపోతుంది. మన హైవేల మీద బంకులకు కొదవ లేదు కాబట్టి 250 దాటితే నాకు చాలు. నా నడుము ఎలాగూ 150కే ఆగమంటుంది.

సామాను లెక్కను మాత్రం దాదాపు ఎవరూ చేయరు. బండి మాన్యువల్‌లో మోయగలిగే మొత్తం బరువు రాసి ఉంటుంది. దానిలోంచి పెట్రోల్‌తో సహా బండి బరువు తీసేస్తే మీకు మిగిలేది తెలుస్తుంది. నేను 78, ఆవిడ 62, హెల్మెట్లూ జాకెట్లూ 12, పెట్టెలూ వాటిలోని సామానూ 28. మొత్తం 180 కిలోలు. ఊరి నుంచి తిరుగు ప్రయాణంలో అమ్మ కట్టిచ్చే ఆవకాయ జాడీ, బియ్యం సంచి ఇందులో లేవు. ఇంత బరువు పడినప్పుడు వెనక స్ప్రింగును బిగించకపోతే తోక కుంగి, ముందు లైటు ఎదుటివారి కళ్లలో పడి, మలుపుల్లో బండి బద్ధకిస్తుంది. టైగర్ స్పోర్ట్ 660, వెర్సిస్ 650 వంటి వాటికి ప్రీలోడ్‌ను, అంటే ఆ స్ప్రింగు బిగింపును, చేత్తో తిప్పి మార్చే నాబ్ ఉంటుంది; అది లేని బండికి ప్రతిసారీ స్పానర్ పట్టుకోవాలి, అంటే ఎవరూ పట్టుకోరు. తరచూ ఇద్దరుగా వెళ్లేవారు ఎలక్ట్రానిక్ హంగుల కంటే ముందు ఈ నాబ్ ఉందో లేదో చూడాలి. ఆ హంగుల గురించి ఒక్క మాట: 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ 2019 నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) తప్పనిసరి; వెనక చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ వాన రోజుల్లో పనికొస్తుంది, వేగాన్ని తానే నిలిపి ఉంచే క్రూయిజ్ కంట్రోల్ కుడి చేతికి విశ్రాంతి ఇస్తుంది, రంగుల తెర మీద ఫోన్ కాల్స్ కనిపించడానికి మాత్రం అదనంగా పైసా ఇవ్వవద్దు.

సర్వీసు గురించి షోరూమ్‌లో కాకుండా సర్వీసు సెంటర్ గేటు దగ్గర, బండి తీసుకెళ్లడానికి వచ్చినవారిని అడగండి. అడగవలసినవి రెండే: ముందు బ్రేకు లివర్, ఇండికేటర్ వంటి మామూలు భాగం రావడానికి ఎన్నాళ్లు పట్టింది, చివరి బిల్లు ఎంత. పెద్ద బండ్ల కంపెనీలకు బెంగళూరు, హైదరాబాదుల మధ్య దారిలో దిక్కు ఉండదు. చిక్కబళ్లాపురం దాటాక ఆగిపోతే లారీ ఎక్కించుకుని రావలసిందే. టైర్ల ధర ముందే కనుక్కోండి. 180 వెడల్పున్న వెనక టైరు 160 దానికంటే ఖరీదు, 250 సీసీ బండి టైరుకు ఈ రెండింటితో పోలికే లేదు.

పాత బండి కొనేటట్లయితే మెరిసే పెయింటు వదిలేసి టైరు పక్కన అచ్చువేసిన నాలుగు అంకెలు చదవండి. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. అరుగుదల లేకపోయినా అయిదారేళ్లు దాటిన రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద జారుతుంది. వెనక స్ప్రాకెట్ చివర చైన్‌ను పట్టుకుని వెనక్కి లాగండి. సగం పన్ను బయటపడితే చైన్, స్ప్రాకెట్లు రెండూ మార్చాలి, ఆ మేరకు ధర తగ్గించమనండి. ముందు చక్రం నేల మీది నుంచి లేపి హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పితే, మధ్యలో ఎక్కడో చిన్నగా పట్టినట్టు అనిపిస్తే బేరింగులు పోయినట్టే. ఇంధన వ్యవస్థ 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కు తగినదో కాదో మాన్యువల్‌లో చూడండి. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లలో ఈ అనుమానం ఉంటుంది. అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే 35వ నంబరు ఫారం, పేరు మార్పిడికి 29, 30 ఫారాలు, వేరే రాష్ట్రం బండి అయితే 28వ నంబరు ఎన్ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి.

బండి ఇంటికి వచ్చాక వెంటనే ఉపకరణాల కోసం జేసీ రోడ్డుకు పరుగెత్తకండి. మొదటి సర్వీసు పూర్తయ్యాక, మాన్యువల్ చెప్పిన ఆర్‌పీఎం పరిమితి సడలిన తర్వాత, పూర్తి సామానుతో, వెనక మనిషితో హార్సిలీ హిల్స్‌కు వెళ్లి అదే రోజు తిరిగి రండి. రానూపోనూ 300 కిలోమీటర్లు. దారిలో ప్రతి గంటకూ ఆగి, ఎక్కడ నొప్పి పుడుతోందో ఫోన్‌లో రెండు మాటలు రాసుకోండి. మణికట్టు నొప్పి అయితే ముందు లివర్ల కోణాన్ని కొద్దిగా కిందికి తిప్పి చూడండి, దానికి ఖర్చు లేదు. తల ఊగితే స్క్రీన్, పిరుదులు మండితే సీటు, మోకాళ్లు లాగితే ఫుట్‌పెగ్‌లు. ఒక్కసారికి ఒక్కటే మార్చి, మళ్లీ అదే దారిలో అంతే దూరం నడిపి, ఆ నొప్పి ఎన్నో గంటకు జరిగిందో పాత రాతతో పోల్చి చూసుకోండి.